బ్యాంకు మీద నమ్మకం సడలితే క్రెడిట్ యూనియనే దిక్కా?

క్లుప్తంగా: అమెరికాలో బ్యాంకుకైనా, సభ్యులే యజమానులైన సహకార పొదుపు సంస్థ క్రెడిట్ యూనియన్‌కైనా ప్రభుత్వ డిపాజిట్ బీమా పరిమితి ఒక్కటే. ఒక సంస్థలో, ఒక రకం హక్కు కింద, ఒక మనిషికి 2.5 లక్షల డాలర్లు. సొమ్ము ఆ గీత లోపలే ఉన్నవారికి సంస్థ మారినందువల్ల కొత్తగా వచ్చే భద్రత ఏమీ లేదు. గీత దాటినవారికి సంస్థ పేరు కన్నా, ఖాతా ఎవరెవరి పేర్ల మీద ఎలా ఉందన్నదే ముఖ్యం. కొన్ని క్రెడిట్ యూనియన్లకు ప్రభుత్వ బీమా లేదు, ప్రైవేటు బీమా మాత్రమే ఉంది. తెలుగు రాష్ట్రాల్లోని పరపతి సంఘాల సంగతి పూర్తిగా వేరు. వాటిలోని డిపాజిట్లకు జాతీయ డిపాజిట్ బీమా వర్తించదు.

## రెండు రోజుల్లో ఖాళీ అయిన బ్యాంకు

2023 మార్చి 8న సిలికాన్ వ్యాలీ బ్యాంకు సుమారు 2,100 కోట్ల డాలర్ల బాండ్లను అమ్మేసి 180 కోట్ల డాలర్ల నష్టం చవిచూసినట్లు ప్రకటించింది. మర్నాడు ఒక్క రోజులోనే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు లాగేశారు. మార్చి 10కి మరో 10,000 కోట్ల డాలర్లు బయటికి పోయేలా కనిపించాయి. ఆ రోజే కాలిఫోర్నియా అధికారులు బ్యాంకును మూసి, డిపాజిట్ బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ చేతికి అప్పగించారు. మార్చి 12న న్యూయార్క్‌లో సిగ్నేచర్ బ్యాంకు మూతపడింది. మే 1న ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంకు జేపీ మోర్గాన్ చేజ్ పరమైంది. అప్పటి నుంచి ఏ చిన్న బ్యాంకు గురించి ప్రతికూల వార్త వచ్చినా, ‘డబ్బు తీసి క్రెడిట్ యూనియన్‌లో వేస్తే మేలా?’ అన్న ప్రశ్న అక్కడి తెలుగు కుటుంబాల్లోనూ లేస్తోంది. ఇంటి కొనుగోలుకు కూడబెట్టిన డౌన్ పేమెంటో, హైదరాబాద్‌లో స్థలం అమ్మగా వచ్చిన సొమ్మో కొన్ని నెలలు ఖాతాలో ఉండిపోయిన వారికి ఈ బెంగ మరీ ఎక్కువ.

జవాబు దొరకాలంటే ముందు ఆ బ్యాంకు ఎందుకు పడిందో చూడాలి. వడ్డీ రేట్లు సున్నాకు దగ్గరగా ఉన్న రోజుల్లో అది డిపాజిటర్ల సొమ్మును దీర్ఘకాలిక బాండ్లలో పెట్టింది. 2022 మార్చి నుంచి 2023 జులై దాకా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ తన రేటును 0–0.25 శాతం నుంచి 5.25–5.50 శాతానికి పెంచింది. రేటు పెరిగితే పాత బాండు విలువ పడిపోతుంది. 1.5 శాతం వడ్డీ ఇచ్చే పదేళ్ల బాండును 100 డాలర్లకు కొన్నారనుకుందాం. మార్కెట్లో 4 శాతం దొరుకుతున్న రోజున దాన్ని అమ్మితే 80 డాలర్లకు మించి రావు. గడువు దాకా అట్టిపెట్టుకుంటే పూర్తి 100 వస్తాయి. కాబట్టి ‘గడువు దాకా ఉంచుకుంటాం’ అని లెక్కల్లో రాసుకున్న బాండ్ల మీద నష్టాన్ని బ్యాంకు తన మూలధనంలో తగ్గించి చూపనక్కర్లేదు. 2022 చివరికి సిలికాన్ వ్యాలీ బ్యాంకు దగ్గర అలాంటి బాండ్ల పుస్తక విలువ సుమారు 9,100 కోట్ల డాలర్లు, మార్కెట్ విలువ సుమారు 7,600 కోట్లు. మధ్యలో ఉన్న 1,500 కోట్ల తేడా దాదాపు మొత్తం మూలధనానికి సమానం.

అయినా నష్టం ఒక్కటే బ్యాంకును పడగొట్టలేదు. దాని డిపాజిట్లలో సుమారు 94 శాతం బీమా పరిమితికి పైన ఉన్నాయి. బీమా లేని సొమ్ము తొందరపడుతుంది, ముందు తీసుకున్నవాడికే పూర్తిగా దక్కుతుందని దానికి తెలుసు కాబట్టి. బీమా ఉన్న సొమ్ముకు పరుగెత్తాల్సిన పనిలేదు. బ్యాంకు గానీ క్రెడిట్ యూనియన్ గానీ హఠాత్తుగా కూలడానికి దాదాపు ఎప్పుడూ ఈ రెండూ కలిసి రావాలి: లోపల దాగిన నష్టం, బయట కంగారుపడే డిపాజిటర్లు.

## క్రెడిట్ యూనియన్ నిర్మాణం ఏమిటి

క్రెడిట్ యూనియన్ అంటే సభ్యులే యజమానులుగా ఉన్న సహకార పొదుపు సంస్థ. అమెరికాలో మొదటిది 1908లో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో మొదలైంది. 1934లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఇక్కడ డిపాజిట్‌ను ‘షేర్’ అంటారు, దాని మీద వచ్చే వడ్డీ ‘డివిడెండ్’, ఫిక్స్‌డ్ డిపాజిట్ ‘షేర్ సర్టిఫికెట్’. పేర్లు చూసి ఇది స్టాక్ మార్కెట్ వ్యవహారమని కొత్తవారు భయపడుతుంటారు. అది కాదు. మామూలుగా 5 నుంచి 25 డాలర్ల వరకు వేసి సభ్యత్వ ఖాతా తెరిస్తే ఒక ఓటు వస్తుంది. ఎంత సొమ్ము దాచినా ఓటు ఒక్కటే.

లాభం పంచాల్సిన బయటి వాటాదారులు లేరు, ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అందుకే అప్పుల మీద వడ్డీ కాస్త తక్కువగా, పొదుపు మీద కాస్త ఎక్కువగా ఇవ్వగలుగుతాయి. ఫెడరల్ చార్టర్ (కేంద్ర ప్రభుత్వమిచ్చిన స్థాపన అనుమతి) ఉన్నవి మామూలు అప్పుల మీద 18 శాతానికి మించి వడ్డీ వేయకూడదు. వ్యాపార రుణాలకూ పరిమితి ఉంది. చాలావాటికి అది ఆస్తుల్లో 12.25 శాతం. కార్ల అప్పులు, ఇళ్ల అప్పులు, క్రెడిట్ కార్డులు వాటి ప్రధాన వ్యాపారం. ఖాతాదారుల్లో ఎక్కువమంది జీతగాళ్లు. ఒక్కొక్కరి సొమ్ము 2.5 లక్షల గీతకు చాలా కింద ఉంటుంది. నిజమైన బలం ఇక్కడుంది. సిలికాన్ వ్యాలీ బ్యాంకుకు పట్టిన లాంటి పరుగు క్రెడిట్ యూనియన్‌కు పట్టడం కష్టం.

ఈ నిర్మాణంలోనే ఒక బలహీనతా ఉంది. కష్టం వచ్చినప్పుడు బ్యాంకు కొత్త షేర్లు అమ్మి మూలధనం తెచ్చుకోగలదు. క్రెడిట్ యూనియన్‌కు ఆ దారి లేదు. తక్కువ ఆదాయ వర్గాలకు సేవ చేసేవిగా గుర్తింపు పొందినవాటికి ఒక రకం దీర్ఘకాలిక అప్పును మూలధనంగా లెక్కించుకునే వీలుంది గానీ, మిగతావాటికి ఏటేటా మిగిలిన ఆదాయమే ప్రధాన మూలధనం. ఒకసారి కరిగితే మళ్లీ నిండడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇబ్బందుల్లో పడ్డ క్రెడిట్ యూనియన్ కథ చాలావరకు ఇంకో పెద్ద యూనియన్‌లో విలీనంతో ముగుస్తుంది.

## బీమా ఇద్దరికీ ఉంది, నిధులు వేరు

బ్యాంకులకు బీమా ఇచ్చేది ఎఫ్‌డీఐసీ. 1933 చట్టంతో పుట్టి, 1934 జనవరి 1 నుంచి మొదట 2,500 డాలర్ల దాకా హామీ ఇచ్చింది. 1980లో పరిమితి లక్ష డాలర్లయింది. 2008 సంక్షోభంలో 2.5 లక్షలకు పెరిగి, 2010లో అదే శాశ్వతమైంది. క్రెడిట్ యూనియన్లకు బీమా 1970లో వచ్చింది. ఎన్‌సీయూఏ అనే ఫెడరల్ సంస్థ ఆ నిధిని నడుపుతుంది. దీని పరిమితీ 2.5 లక్షలే. రెండిటి వెనకా అమెరికా ప్రభుత్వ పూర్తి హామీ ఉంది. బీమా పరిమితి లోపలి సొమ్మును ఇప్పటిదాకా ఏ డిపాజిటరూ, ఏ సభ్యుడూ కోల్పోలేదు. ఈ విషయంలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి లేదు.

తేడా నిధులు సమకూరే తీరులో ఉంది. బ్యాంకులు తమ అపాయాన్ని బట్టి ఎఫ్‌డీఐసీకి ప్రీమియం కడతాయి. క్రెడిట్ యూనియన్లయితే బీమా ఉన్న షేర్లలో 1 శాతాన్ని నిధిలో డిపాజిట్‌గా ఉంచాలి. నిధికి గండి పడితే అందరూ కలిసి పూడ్చాలి. 2009 తరవాత జరిగింది ఇదే. క్రెడిట్ యూనియన్లకే బ్యాంకుల్లా పనిచేసే ‘కార్పొరేట్ క్రెడిట్ యూనియన్లు’ గృహరుణాలతో ముడిపడ్డ బాండ్లు విపరీతంగా కొన్నాయి. 2009 మార్చి 20న యూఎస్ సెంట్రల్, వెస్‌కార్ప్ అనే రెండు పెద్ద సంస్థలను ఎన్‌సీయూఏ స్వాధీనం చేసుకుంది. 2010 కల్లా అలాంటివి ఐదు పోయాయి. ఆ నష్టం తీర్చడానికి కాంగ్రెస్ ప్రత్యేక నిధి పెట్టింది. ఏ తప్పూ చేయని చిన్న క్రెడిట్ యూనియన్లు ఏళ్ల తరబడి దానికి చందా కట్టాయి. సభ్యుల సొమ్ము క్షేమంగానే ఉంది, వాళ్లకు రావాల్సిన డివిడెండ్ మాత్రం ఆ మేరకు తగ్గింది.

## ప్రైవేటు బీమా దగ్గర ఆగి చూడాలి

క్రెడిట్ యూనియన్‌కు మారాలనుకునేవారు అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: బీమా ఎవరిది? రాష్ట్ర చార్టర్ ఉన్న కొన్ని క్రెడిట్ యూనియన్లకు ఎన్‌సీయూఏ బీమా ఉండదు. కొన్ని రాష్ట్రాల్లో ప్రైవేటు బీమాకు అనుమతి ఉంది. ఒహాయో కేంద్రంగా పనిచేసే అమెరికన్ షేర్ ఇన్సూరెన్స్ దాన్ని ఇస్తోంది. ఆ సంస్థ ఒక మనిషికి కాకుండా ఒక్కో ఖాతాకు 2.5 లక్షలు ఇస్తామంటుంది. చూడడానికి అది ఎక్కువే. కానీ వెనక ప్రభుత్వ హామీ లేదు.

ప్రైవేటు బీమా కూలితే ఏమవుతుందో రోడ్ ఐలాండ్ చూసింది. అక్కడి ప్రైవేటు డిపాజిట్ బీమా సంస్థ 1991 కొత్త సంవత్సరం నాటికి చేతులెత్తేసింది. జనవరి 1న ప్రమాణ స్వీకారం చేసిన గవర్నర్ బ్రూస్ సండ్లన్ అదే రోజు ఆ బీమా కింద ఉన్న 45 సంస్థలను మూసేయించారు. వాటిలో ఎక్కువ క్రెడిట్ యూనియన్లే. ఫెడరల్ బీమా సంపాదించుకోగలిగినవి మళ్లీ తెరుచుకున్నాయి. మిగిలినవాటి సభ్యులు తమ సొంత సొమ్ము కోసం చాలాకాలం ఎదురుచూశారు.

కనుక్కోవడం తేలిక. ఎన్‌సీయూఏ వెబ్‌సైట్లో క్రెడిట్ యూనియన్లను వెతికే పేజీ ఉంది. పేరుతోనో, చార్టర్ నంబరుతోనో వెతికితే ఫెడరల్ బీమా ఉందో లేదో చూపిస్తుంది. బ్యాంకులకు ఎఫ్‌డీఐసీ ‘బ్యాంక్‌ఫైండ్’ ఉంది. శాఖ గోడ మీది బోర్డునో, యాప్‌లోని గుర్తునో చూసి ఊరుకోకుండా ఈ జాబితాలో పేరు సరిచూసుకోవాలి. ఒకే రకం పేరుతో సంస్థలు చాలా ఉంటాయి. నంబరు కలిస్తేనే అదీ ఇదీ ఒకటని నమ్మాలి.

## క్రెడిట్ యూనియన్లు ఎలా పడతాయి

సభ్యులందరికీ ఏదో ఒక ఉమ్మడి బంధం ఉండాలన్నది క్రెడిట్ యూనియన్ మూలసూత్రం. ఒకే కంపెనీ, ఒకే వృత్తి, ఒకే ఊరు. ఆ బంధమే ఒక్కోసారి ఉరితాడవుతుంది. న్యూయార్క్‌లో టాక్సీ నడపడానికి ‘మెడాలియన్’ అనే పర్మిట్ కావాలి. కొన్ని క్రెడిట్ యూనియన్లు ప్రధానంగా వాటినే తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చాయి. 2014 ప్రాంతంలో ఒక్కో మెడాలియన్ పది లక్షల డాలర్లకు పైగా పలికింది. యాప్ టాక్సీలు వచ్చాక ఆ విలువ కుప్పకూలింది. మెల్‌రోజ్ క్రెడిట్ యూనియన్‌ను 2017లో నియంత్రణ సంస్థ చేతిలోకి తీసుకుని, 2018లో మూసేసింది. అదే వ్యాపారంలో ఉన్న లోమ్టో కూడా 2018లోనే పోయింది. మెల్‌రోజ్ సభ్యుల ఖాతాలు ఇంకో క్రెడిట్ యూనియన్‌కు బదిలీ అయ్యాయి. నష్టం బీమా నిధి భరించింది.

వడ్డీ రేట్ల దెబ్బ నుంచి కూడా వీటికి మినహాయింపు లేదు. 2020–21లో 3 శాతానికి 30 ఏళ్ల ఇంటి అప్పులిచ్చిన క్రెడిట్ యూనియన్, 2023లో డిపాజిట్లు నిలుపుకోవడానికి 4, 5 శాతం ఇవ్వాల్సి వచ్చింది. రాబడి 3, ఖర్చు 4. 2023 మార్చిలో ఫెడరల్ రిజర్వ్ బాండ్లను వాటి పూర్తి ముఖవిలువకు తాకట్టు పెట్టుకుని అత్యవసర అప్పులిచ్చిన పథకంలో బ్యాంకులతో పాటు క్రెడిట్ యూనియన్లకూ అర్హత కల్పించారంటే కారణం అదే.

మరొకటి జనం పెద్దగా గమనించని నిబంధన. ఫెడరల్ క్రెడిట్ యూనియన్ల నియమావళి ప్రకారం, అవసరమైతే డబ్బు తీసుకునే ముందు 60 రోజుల దాకా నోటీసు ఇవ్వాలని ఖాతాదారులను బోర్డు అడగవచ్చు. అరుదుగా వాడే అధికారమే. కానీ ‘ఎప్పుడడిగితే అప్పుడు చేతికొస్తుంది’ అన్న ఊహతో మొత్తం డౌన్ పేమెంట్‌ను ఒక్క చోటే పెట్టేవారు ఈ మాట తెలుసుకుని ఉండాలి.

## సంస్థ ఆరోగ్యం ఏ అంకెల్లో కనిపిస్తుంది

తనిఖీ చేసే ప్రభుత్వ పరీక్షకులు ఇచ్చే అసలు రేటింగులు రెండు రకాల సంస్థలకూ రహస్యమే. ఎఫ్‌డీఐసీ సమస్యాత్మక బ్యాంకుల జాబితాలో ఎన్ని ఉన్నాయో చెబుతుంది, పేర్లు చెప్పదు. అయినా ప్రతి మూడు నెలలకూ ప్రతి సంస్థా దాఖలు చేసే నివేదిక బహిరంగమే. అందులో అన్నీ చదవనక్కర్లేదు.

క్రెడిట్ యూనియన్‌కు మొదట చూడాల్సింది నికర విలువ నిష్పత్తి, అంటే కూడబెట్టిన సొంత సొమ్ము ఆస్తుల్లో ఎంత శాతమన్నది. 7 శాతం, ఆపైన ఉంటే నియంత్రణ సంస్థ లెక్కలో బాగున్నట్టు. 6 కిందికి పోతే మూలధనం చాలదు. 2 కిందికి పోతే పరిస్థితి విషమించినట్టే. వరసగా ఎనిమిది త్రైమాసికాల అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక్క అంకె చెప్పని సంగతి తెలుస్తుంది. 11 నుంచి 8కి జారిన సంస్థ కన్నా, 8 దగ్గర స్థిరంగా ఉన్నది నయం. తరవాత 60 రోజులు దాటిన బాకీల శాతం, ఏ రకం అప్పుల మీద ఎంత వాటా ఉందన్నది చూడాలి. ఒకే రకం అప్పు సగానికి మించితే మెల్‌రోజ్ గుర్తుకు రావాలి. షేర్లతో, అంటే డిపాజిట్లతో పోలిస్తే ఇచ్చిన అప్పులు నూటికి నూరుకు చేరుతుంటే చేతిలో నగదు తక్కువగా ఉందని అర్థం.

బ్యాంకు నివేదికలో రెండు చోట్ల వెతికితే చాలావరకు బయటపడుతుంది. ‘గడువు దాకా ఉంచుకునే’ బాండ్లకు పుస్తక విలువ, మార్కెట్ విలువ పక్కపక్క గళ్లలో ఉంటాయి. ఉదాహరణకు మూలధనం 10 కోట్లు, ఆ బాండ్ల పుస్తక విలువ 60 కోట్లు, మార్కెట్ విలువ 53 కోట్లు అయితే, దాగిన నష్టం 7 కోట్లు. మూలధనంలో 70 శాతం దానికే పోతుంది. ఆస్తులు 100 కోట్ల డాలర్లు దాటిన బ్యాంకులు బీమా లేని డిపాజిట్ల అంచనాను కూడా అక్కడే చెప్పాలి. ఆ వాటా పెద్దదై, దాగిన నష్టమూ పెద్దదైతే, 2023 మార్చిలో పడిన బ్యాంకు పోలికలు దానిలో ఉన్నట్టే. ఒకటే ఉండి రెండోది లేకపోతే కంగారు అనవసరం.

క్రెడిట్ యూనియన్ నికర విలువ నిష్పత్తిలో అమ్మకానికి ఉంచిన బాండ్ల మీది నష్టం కలవదు. నిష్పత్తి 9 శాతం అని కనిపించినా, ఆ నష్టాన్ని విడిగా తీసి చూసుకోవాల్సిందే.

## 2.5 లక్షలు దాటితే

మారాలా వద్దా అన్న చర్చ కన్నా ఈ లెక్క వందరెట్లు ఉపయోగం. బీమా ఖాతాల సంఖ్యను బట్టి రాదు, హక్కు రకాన్ని బట్టి వస్తుంది. ఒకే బ్యాంకులో ఒకే మనిషి పేరున చెకింగ్, సేవింగ్స్, మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అవీ వేర్వేరు శాఖల్లో ఉన్నా అన్నీ కలిపి 2.5 లక్షలకే హామీ. ఉమ్మడి ఖాతా వేరే తరగతి. అందులో ఒక్కొక్కరి వాటాకు 2.5 లక్షలు. భార్యాభర్తలు చెరొక సొంత ఖాతాలో 2.5 లక్షలు, ఉమ్మడి ఖాతాలో 5 లక్షలు పెడితే, ఒకే సంస్థలో 10 లక్షల డాలర్లు పూర్తి బీమాలో ఉంటాయి. డిపాజిట్ రూపంలో ఉన్న రిటైర్మెంట్ ఖాతా మళ్లీ వేరు. ఒక్కొక్కరికి ఇంకో 2.5 లక్షలు.

మరణానంతరం ఎవరికి చెందాలో పేర్లు రాసిన ఖాతాలకు బ్యాంకుల్లో 2024 ఏప్రిల్ 1 నుంచి సరళమైన లెక్క వచ్చింది. ఒక్కో లబ్ధిదారుకు 2.5 లక్షల చొప్పున, ఒక యజమానికి ఐదుగురి దాకా, గరిష్ఠంగా 12.5 లక్షలు. ఇద్దరు పిల్లల పేర్లు రాసిన తల్లి ఖాతాకు 5 లక్షల హామీ. క్రెడిట్ యూనియన్లలో ఇలాంటి (ట్రస్టు) ఖాతాల నియమం వివరాల్లో కాస్త వేరు కావచ్చు కాబట్టి, ఎన్‌సీయూఏ లెక్కింపు పేజీలో సొంత ఖాతాల వివరాలు వేసి చూసుకోవడం మంచిది. ఎఫ్‌డీఐసీకీ అలాంటిది ఉంది.

జనం పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. ఉమ్మడి ఖాతాలో పేర్ల వరస మార్చి ఇంకోటి తెరిస్తే కొత్త హామీ రాదు. సొంతంగా, కంపెనీ పెట్టకుండా చేసుకునే వ్యాపార ఖాతా ఆ మనిషి సొంత ఖాతాతో కలుస్తుంది. చట్టబద్ధంగా నమోదై నిజంగా వ్యాపారం చేస్తున్న కంపెనీ ఖాతాకయితే వేరుగా లెక్క. వడ్డీ కూడా పరిమితిలోకే వస్తుంది కాబట్టి, 2.5 లక్షలు నిండా వేస్తే ఏడాది తిరిగేసరికి వడ్డీ మొత్తం గీత బయట ఉంటుంది. 2.4 లక్షల దగ్గర ఆపడం తెలివైన పని. ఇల్లు అమ్మినప్పుడు వచ్చే పెద్ద మొత్తానికి బ్రిటన్‌లో కొన్ని నెలల పాటు ప్రత్యేక హామీ ఉంటుంది. అమెరికాలో అలాంటిది లేదు. రిజిస్ట్రేషన్ రోజున ఖాతాలో పడ్డ 6 లక్షలు ఆ రాత్రి నుంచే గీత దాటినట్టు. వీసా మీద ఉన్నవారికి బీమా వర్తించదేమోనన్న అపోహ కూడా తెలుగువారిలో ఉంది. ఎఫ్‌డీఐసీ బీమాకు పౌరసత్వంతో సంబంధం లేదు.

మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, క్రిప్టో, లాకర్లోని వస్తువులు ఇవేవీ బ్యాంకులోనే కొన్నా డిపాజిట్ బీమా కిందికి రావు. ‘మనీ మార్కెట్’ అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మనీ మార్కెట్ డిపాజిట్ ఖాతాకు బీమా ఉంది, మనీ మార్కెట్ ఫండ్‌కు లేదు.

## మూతపడిన రోజు

బ్యాంకును ఎక్కువగా శుక్రవారం సాయంత్రం మూస్తారు. సోమవారానికి మరో బ్యాంకు పేరుతో తలుపులు తెరుచుకుంటాయి. కార్డు పనిచేస్తుంది, చెక్కులు చెల్లుతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కొత్త బ్యాంకు వడ్డీ తగ్గించవచ్చు. అప్పుడు జరిమానా లేకుండా తీసేసుకునే హక్కు డిపాజిటర్‌కు ఉంటుంది. అప్పులు మాఫీ కావు, కిస్తీ కొత్త యజమానికి కట్టాలి. కొనేవారు దొరకకపోతే బీమా సొమ్మును నేరుగా చెల్లిస్తారు. క్రెడిట్ యూనియన్‌లోనూ ఇంతే. తేడా అల్లా, అది చాలాసార్లు విలీనం పేరుతో చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. రెండు సంస్థలు విలీనమైతే రెండిటిలోనూ ఖాతా ఉన్నవారికి ఆరు నెలల దాకా వేర్వేరు బీమా కొనసాగుతుంది. ఆలోపు సర్దుకోవాలి.

గీత దాటిన సొమ్ము మాటేమిటి? సిలికాన్ వ్యాలీ బ్యాంకులో అందరికీ మొత్తం దక్కింది. దాన్ని ఆధారంగా తీసుకుంటే పొరపాటే. ఆర్థిక వ్యవస్థకే ప్రమాదమని ప్రభుత్వం ప్రకటించినందువల్ల ఆ మినహాయింపు వచ్చింది. 2024 అక్టోబర్ 18న ఓక్లహామాలో ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ లిండ్సే మూతపడింది. తప్పుడు లెక్కలు బయటపడిన చిన్న బ్యాంకు అది. అక్కడ గీత పైన ఉన్న సొమ్ములో సగమే వెంటనే ఇచ్చారు. మిగిలినది ఆస్తులు అమ్ముడైన కొద్దీ రావాలి. 2008లో ఇండీమ్యాక్ డిపాజిటర్లకూ మొదట సగమే దక్కింది. ఊరి బ్యాంకు చిన్నదైన కొద్దీ ప్రభుత్వ మినహాయింపు మీద ఆశ పెట్టుకోకూడదు.

## మారాలనుకుంటే

అర్హత ముందు. ఉద్యోగం, నివాసం, బంధుత్వం, ఏదైనా సంఘంలో సభ్యత్వం, వీటిలో ఒకటి కలవాలి. కొన్ని యూనియన్లు చిన్న చందాతో సంఘంలో చేర్చుకుని సభ్యత్వం ఇస్తాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాని విద్యార్థులు ముందే ఫోన్ చేసి అడగాలి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

కొత్త ఖాతా తెరిచాక పాతదాన్ని కనీసం రెండు నెలలు ఉంచాలి. జీతం కొత్త ఖాతాలో పడడానికి ఒకటి రెండు జీతాల కాలం పట్టవచ్చు. గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తిరగేసి ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపులన్నీ జాబితా రాసుకోవాలి. ఏడాదికోసారి పోయే బీమా ప్రీమియమే అందరూ మరిచిపోయేది. ఇండియాకు డబ్బు పంపే సేవకు కొత్త ఖాతాను జోడించి చిన్న మొత్తంతో పరీక్షించాలి. పాత ఖాతా మూసేముందు స్టేట్‌మెంట్లు దించుకోవాలి, మూశాక యాప్ తెరుచుకోదు, పన్నుల కాలానికి వడ్డీ పత్రం కావాలి. బాకీతో మూసిన ఖాతా రికార్డుల్లో నిలిచిపోయి తరవాత ఎక్కడా ఖాతా ఇవ్వకుండా చేయగలదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ మధ్యలో విరగ్గొట్టడం ఖర్చుతో కూడిన పని. లక్ష డాలర్లు 4.5 శాతానికి వేసి, ఆరు నెలల వడ్డీ జరిమానా అయితే 2,250 డాలర్లు పోతాయి. ఆ లక్ష బీమా గీత లోపలే ఉంటే, అది భయానికి కట్టిన పన్ను.

ఇక బ్యాంకూ కాని, క్రెడిట్ యూనియనూ కాని యాప్‌లున్నాయి. ‘భాగస్వామి బ్యాంకు ద్వారా బీమా’ అని రాసి ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో అలాంటి యాప్‌లకూ బ్యాంకులకూ మధ్య లెక్కలు నడిపిన సినాప్స్ అనే సంస్థ దివాలా తీసింది. ఎవరి సొమ్ము ఏ బ్యాంకులో ఎంత ఉందో లెక్క తేలలేదు. కోట్ల డాలర్ల లోటు బయటపడింది. బ్యాంకులేవీ కూలలేదు కాబట్టి ఎఫ్‌డీఐసీ బీమా వర్తించలేదు.

## ఇక్కడి పరపతి సంఘం ఆ క్రెడిట్ యూనియన్ కాదు

సభ్యులే యజమానులు, ఒక మనిషికి ఒక ఓటు. మాటల్లో చూస్తే మన పరపతి సంఘం అచ్చంగా క్రెడిట్ యూనియనే. బీమా దగ్గరికొస్తే పోలిక తెగిపోతుంది. ఇండియాలో డిపాజిట్ బీమా ఇచ్చే డీఐసీజీసీ వాణిజ్య బ్యాంకులకూ, ఆర్‌బీఐ లైసెన్సున్న సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. ప్రాథమిక సహకార సంఘాలకు వర్తించదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైన పొదుపు సంఘాలు కూడా దాని పరిధిలో లేవు. సహకార సంఘం తన పేరులో ‘బ్యాంకు’ అన్న మాట వాడకూడదని 2020 చట్ట సవరణ తరవాత ఆర్‌బీఐ హెచ్చరించింది. బోర్డు మీద ఆ మాట కనిపిస్తే, లైసెన్సు ఉందా, డీఐసీజీసీ వెబ్‌సైట్లోని జాబితాలో ఆ పేరుందా అని చూడాలి. ఒకటి రెండు శాతం ఎక్కువ వడ్డీ ఇస్తున్నారంటే ఆ తేడా ఏ అపాయానికి బదులో అడిగి తెలుసుకోవాలి.

లైసెన్సున్న సహకార బ్యాంకుల్లో కూడా పరిమితి తక్కువ. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక డిపాజిటర్‌కు, అసలూ వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలు. అంతకుముందు 1993 నుంచీ లక్షే. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు ఉన్నదీ ఆ లక్షే. అమెరికాలో వారాంతంలో తేలే వ్యవహారానికి ఇక్కడ 2021 సవరణ తరవాత 90 రోజుల గడువు పెట్టారు. ఆర్‌బీఐ ఆంక్షలు విధించిన బ్యాంకు డిపాజిటర్లకు ఆలోపు బీమా సొమ్ము అందాలి. ఎన్ఆర్ఐల ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకూ ఇదే 5 లక్షల పరిమితి.

2019 సెప్టెంబర్ 23న ముంబయి కేంద్రంగా ఉన్న పీఎంసీ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు మొదట ఖాతాకు వెయ్యి రూపాయలే ఇచ్చారు. అప్పుల్లో అత్యధిక భాగం ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు పోయిందని, దాన్ని లెక్కల్లో దాచారని తేలింది. 2022 జనవరిలో యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో విలీనం చేశాక 5 లక్షల దాకా ఉన్నవారికి పూర్తి సొమ్ము వచ్చింది. అంతకు మించి దాచుకున్న వ్యక్తులకు మిగిలినది విడతలుగా ఇచ్చేలా పథకం రాశారు. మరీ పెద్ద మొత్తాలున్నవారి చివరి విడతకు పెట్టిన గడువు పదేళ్లు.